యువతలో సాంస్కృతిక అవగాహనకు సంగీతం, నృత్యం: నిర్వాహకులకు సమగ్ర మార్గదర్శి

వేర్వేరు భాషలు, మతాలు, దేశాలకు చెందిన పిల్లలు కలిసి చదివే పాఠశాలల్లోనూ యువజన కేంద్రాల్లోనూ ఏడాదికొకసారి సాంస్కృతిక దినోత్సవం జరపడం మామూలే. ఒక్కో బృందం తన వేషధారణతో వేదిక ఎక్కి తన నాట్యం చూపుతుంది, మిగతావారు చప్పట్లు కొడతారు, అందరూ కలిసి ఫొటో దిగుతారు, మర్నాడు మళ్లీ ఎవరి గుంపులో వారు కూర్చుంటారు. అటువంటి ఉత్సవానికి ఉండే విలువ దానికుంది గానీ, ఒకరి కళను మరొకరు చూడటం వల్ల కలిగేది పరిచయం మాత్రమే. ఎదుటివారి కళను తడబడుతూ నేర్చుకోవడం, తన కళను ఓపికగా నేర్పడం, ఆ తరువాత ఇద్దరూ కలిసి ఇంకొకటి తయారుచేయడం అనే మూడు పనులు జరిగిన చోటే అవగాహన ఏర్పడుతుందన్న అభిప్రాయంతో ఈ మార్గదర్శి రాశాను. పన్నెండు నుంచి ఇరవై ఏళ్ల లోపు వారితో పనిచేసే ఉపాధ్యాయులు, యువజన సంఘాల నిర్వాహకులు, సంగీత నృత్య శిక్షకులు దీన్ని పన్నెండు వారాల కార్యక్రమంగా అమలు చేసుకోవచ్చు.

సంగీతం ఏ మేరకు పనిచేస్తుంది

పని మొదలుపెట్టే ముందు మన ఆశలను సరైన కొలతకు తెచ్చుకోవాలి. వేర్వేరు వర్గాల వారు ఒకచోట చేరినంత మాత్రాన దురభిప్రాయాలు తొలగవని, అందుకు నాలుగు పరిస్థితులు కలిసి రావాలని 1954లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ వివరించాడు. ఆ కలయికలో అందరిదీ సమాన స్థాయి కావాలి. అందరికీ ఒకే లక్ష్యం ఉండాలి. దానికోసం పోటీ పడకుండా సహకరించుకోవాలి. సంస్థ పెద్దలు ఆ పనికి బాహాటంగా అండగా నిలవాలి. 2006లో థామస్ పెటిగ్రూ, లిండా ట్రాప్ 515 అధ్యయనాలను కలిపి పరిశీలించి, వర్గాల మధ్య పరిచయం సాధారణంగా దురభిప్రాయాన్ని తగ్గిస్తుందని, ఈ పరిస్థితులు అమరిన చోట ఆ ఫలితం మరింత బలంగా ఉంటుందని తేల్చారు. బృందగానం, బృందనృత్యం ఈ నాలుగింటినీ తేలిగ్గానే సమకూర్చగలవు. నిర్వాహకుడు అజాగ్రత్తగా ఉంటే అవే నాలుగింటినీ చెడగొట్టగలవు కూడా: ఒక వర్గం పిల్లలు ముందు నిలబడి పాడుతూ, మిగతావారు వెనక తాళం వేస్తూ ఉంటే సమాన స్థాయి అక్కడే పోయినట్టు లెక్క.

ఒకే లయకు కలిసి కదిలితే దగ్గరితనం పెరుగుతుందనడానికి ప్రయోగాల ఆధారం ఉంది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు బ్రెజిల్‌లోని హైస్కూల్ విద్యార్థులతో జరిపి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకేసారి ఒకే కదలికలు చేసిన బృందాల్లో నొప్పిని ఓర్చుకునే శక్తీ తోటివారి పట్ల సాన్నిహిత్యమూ పెరిగాయి. అదే ఏడాది అదే విశ్వవిద్యాలయం వారు ప్రచురించిన మరో అధ్యయనం మనకు ఇంకా ఎక్కువ పనికొస్తుంది. ఏడు నెలలు సాగిన వయోజనుల తరగతుల్లో, పాటలు నేర్చుకున్నవారు చేతిపనులో రచనో నేర్చుకున్నవారికన్నా త్వరగా ఒకరికొకరు దగ్గరయ్యారు. అయితే ఏడు నెలలు ముగిసేసరికి మిగతా తరగతుల వారు కూడా వారితో సమానంగా దగ్గరయ్యారు. దీన్నిబట్టి పాట బిడియాన్ని వేగంగా పోగొడుతుందని, ఆ తరువాతి ఫలితం మనం కార్యక్రమాన్ని ఎలా నడుపుతామన్న దానిమీదే ఆధారపడుతుందని నేను అర్థం చేసుకుంటాను. ఒకే లయకు కదలడం దానంతటదే మంచిది కూడా కాదు. సైన్యాలు కవాతు చేసేది తమలో తాము ఐక్యమై ఎదుటివారితో తలపడటానికే కదా.

ఎదుటివారి పాట నేర్చుకోవడం వల్ల ఏమవుతుందన్నదానికి పోర్చుగల్ నుంచి ఒక మంచి ఉదాహరణ ఉంది. లిస్బన్ ప్రాంతంలోని ఆరో తరగతి విద్యార్థులకు ఆరు నెలల పాటు పోర్చుగీసు పాటలతో కలిపి ఆఫ్రికా తీరానికి దగ్గరలోని కేప్ వర్డ్ దీవుల పాటలు కూడా నేర్పిన కార్యక్రమంలో, నల్లని చర్మం గలవారి పట్ల ఆ పిల్లలకున్న మూసభావనలు తగ్గాయని, కార్యక్రమం ముగిశాక కొంతకాలానికి కొలిచినప్పుడు కూడా ఆ తగ్గుదల నిలిచే ఉందని ఫెలిక్స్ నెటో, ఆయన సహచరులు 2016లో వెల్లడించారు. అందులో గమనించాల్సింది ఆ ఆరు నెలల వ్యవధి. ఒక్కరోజు వర్క్‌షాప్‌తో ఇటువంటి ఫలితాన్ని ఎవరూ ఆశించకూడదు.

మొదటి అడుగు: బృందాన్ని కూర్చడం

పదహారు నుంచి ఇరవై నాలుగు మంది వరకు ఉంటే జంటలుగానూ నలుగురేసి జట్లుగానూ విడదీయడం సులువు. వయసుల మధ్య తేడా నాలుగేళ్లకు మించకపోవడం మేలు. వారానికి ఒకసారి తొంభై నిమిషాల చొప్పున పన్నెండు వారాలు కలవాలి. మధ్యలో రెండు వారాలు విరామం వస్తే మళ్లీ మొదటికి వచ్చే ప్రమాదం ఉంది గనుక పరీక్షలు, పండుగలు చూసుకుని తేదీలు ముందే ఖరారు చేయాలి. నిర్వాహకులు ఇద్దరుండాలి, ఆ ఇద్దరూ వేర్వేరు నేపథ్యాల నుంచి రావాలి. సమానత్వం గురించి చెప్పే మాటలకన్నా ఆ ఇద్దరూ ఒకరినొకరు అడిగి పనిచేసే తీరే పిల్లలకు ఎక్కువ నేర్పుతుంది.

ఒక వర్గం నుంచి ఒకే ఒక్కరు వస్తే ఆ పిల్లవాడిని ఆ వర్గానికంతటికీ ప్రతినిధిని చేయకండి. ‘మీ వాళ్ల నాట్యం ఒకటి చూపించు’ అని అడగటం మర్యాదగానే అనిపిస్తుంది గానీ, ఆ మాటతో వాడు బృందంలో సభ్యుడిగా కాక ప్రదర్శన వస్తువుగా మారిపోతాడు. పైగా వాడికి ఆ నాట్యం రాకపోవచ్చు, వచ్చినా ఇష్టం లేకపోవచ్చు. తాతముత్తాతల దేశపు జానపదం కన్నా ర్యాప్ తనదని భావించే యువత ప్రతి దేశంలోనూ ఉంది. అందుకే చేరేటప్పుడు పిల్లల్ని వారి జాతి, మూలాలు అడిగే బదులు ఇంట్లో పెద్దలు ఏ పాటలు వింటారు, నువ్వు ఒంటరిగా ఉన్నప్పుడు ఏం వింటావు, బృందంలో నువ్వు చేయలేనివి లేదా చేయకూడదనుకునేవి ఏమిటి, శరీరానికి ఏమైనా ఇబ్బందులున్నాయా అని నాలుగు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి. మూడో ప్రశ్నకు వచ్చే జవాబులే కార్యక్రమ స్వరూపాన్ని నిర్ణయిస్తాయి.

తల్లిదండ్రులతో మాట్లాడటం ఈ దశలోనే జరగాలి. వాద్యాలు వాడకూడదని, అమ్మాయిలూ అబ్బాయిలూ చేతులు పట్టుకోకూడదని, మరో మతపు స్తుతిగీతం పాడకూడదని నమ్మే కుటుంబాలుంటాయి. వారిని ఒప్పించే ప్రయత్నం చేయకుండా, వారి హద్దుల్లోనే పూర్తి స్థాయి పాత్ర ఎలా కల్పించాలో ఆలోచించండి. చప్పట్లు, అడుగుల చప్పుడు, నోటితో పలికే జతులు వాద్యాల స్థానాన్ని తీసుకోగలవు. చేతులు తగలకూడదంటే ఇద్దరి మధ్య చేతిరుమాలు పెట్టవచ్చు. గ్రీకు, బాల్కన్ నృత్యాల్లో రుమాలు పట్టుకునే పద్ధతి ఎలాగూ ఉంది. ఫొటోలు, వీడియోలు తీసేట్లయితే పద్దెనిమిదేళ్ల లోపు వారి విషయంలో సంరక్షకుల రాతపూర్వక అనుమతి కూడా ఇప్పుడే తీసుకోండి.

రెండో అడుగు: అంశాల ఎంపిక

ప్రేక్షకుల కోసం తయారైన కళలు, పాల్గొనేవారి కోసం తయారైన కళలు అని సంగీత మానవ శాస్త్రజ్ఞుడు థామస్ టురినో చేసిన విభజన ఇక్కడ చాలా ఉపకరిస్తుంది. పదేళ్ల సాధన కోరే శాస్త్రీయ నృత్యాన్ని పన్నెండు వారాల్లో నేర్పబోతే అది రానివారి చేతగానితనమే బయటపడుతుంది. వలయాకార నృత్యాలు, పిలుపు-జవాబు పాటలు, చేతులతో కాళ్లతో వాయించే లయలు మొదటి తరగతిలోనే అందరినీ లోపలికి తీసుకుంటాయి, ఆపైన నేర్చుకోవడానికి లోతూ మిగులుస్తాయి. సెర్బియా కోలో, రొమేనియా హోరా, తూర్పు మధ్యధరా తీరంలోని లెవాంట్ ప్రాంతపు దబ్కే ఆ కోవలోవే. దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో వలస కార్మికుల మధ్య పుట్టిన గమ్‌బూట్ నృత్యానికి రబ్బరు బూట్లు, అరచేతులు తప్ప ఇంకేమీ అక్కర్లేదు.

ఎంచుకున్న ప్రతి అంశం గురించి, దాన్ని నేర్పగల మనిషి ఉన్నారా, దాన్ని బయటివారు చేయడం ఆ సమాజానికి సమ్మతమేనా అన్న రెండు విషయాలు రూఢి చేసుకోవాలి. యూట్యూబ్ చూసి నేర్చుకుని నేర్పడం కన్నా ఆ సంప్రదాయంలో పెరిగిన వ్యక్తిని రెండు తరగతులకు పిలిచి, తగిన పారితోషికం ఇవ్వడం ఎంతో మేలు. సంగీత శిక్షకులకు డబ్బిచ్చి, సంప్రదాయ కళాకారులకు శాలువా కప్పి పంపే అలవాటు ఇకనైనా మానాలి. ఇక సమ్మతి విషయం. తుర్కియేలోని మెవ్లెవీ సూఫీల సెమా చూపరులకు గిరగిరా తిరిగే నృత్యంలా కనిపించినా అది ఆరాధన. దాన్ని తరగతి వ్యాయామంగా మార్చకూడదు. మావోరీలు అనే మూలవాసుల హాకా నృత్యగీతాల్లో అన్నిటికన్నా ప్రసిద్ధమైన ‘కా మాతే’ విషయంలో న్యూజీలాండ్ 2014లో ప్రత్యేక చట్టమే చేసింది. దాని కర్త ఙాతి తోఆ తెగ నాయకుడు తే రౌపరాహా అని వాణిజ్య ప్రచురణల్లో స్పష్టంగా పేర్కొనాలని ఆ చట్టం చెబుతుంది. తరగతి గదికి ఆ చట్టం వర్తించినా వర్తించకపోయినా, ఏ అంశం నేర్పినా ఇది ఎవరిది, ఎక్కడిది, ఎవరి దగ్గర నేర్చుకున్నాం అని ముందుగా చెప్పడాన్ని బృందపు నియమంగా పెట్టుకోండి.

ఒక పన్నెండు వారాల కార్యక్రమానికి మూడు అంశాలు చాలు. ఏడెనిమిది దేశాలు చుట్టి రావాలన్న ఉబలాటంతో దేన్నీ లోతుగా పట్టించుకోని కార్యక్రమాలే ఎక్కువ.

మూడో అడుగు: మొదటి రెండు వారాలు

కుర్చీలు తీసేసి అందరూ వలయంగా నిలబడాలి. వలయంలో ముందు వరుస, వెనక వరుస ఉండవు; నిర్వాహకుడూ అందులో ఒకడే. మొదటి తరగతిలో ఒక్కొక్కరు తమ పేరును లయబద్ధంగా పలికి, దానికొక కదలిక జోడిస్తే, అందరూ దాన్ని తిరిగి పలికి అనుకరించాలి. పేరును సరిగ్గా పలకడం ఇక్కడ చాలా ముఖ్యం. ఇతరుల నోళ్లలో ఏళ్ల తరబడి వంకర్లు పోయిన పేరు ఇరవై గొంతుల్లో ఒక్కసారి సరిగ్గా పలికినప్పుడు ఆ పిల్లవాడి ముఖం చూస్తే ఈ వ్యాయామానికి ఎంత సమయమైనా ఇవ్వాలనిపిస్తుంది.

ఈ రెండు వారాలూ ఏ దేశపు అంశాన్నీ ప్రవేశపెట్టకుండా చప్పట్లు, తొడల మీద దరువు, అడుగుల చప్పుడుతోనే పనిచేయండి. ఎవరికీ ముందస్తు ఆధిక్యం లేని చోట బృందం మొదట స్థిరపడాలి. నవ్వుల గురించిన ఒప్పందం కూడా ఇప్పుడే చేసుకోవాలి: కలిసి నవ్వుకోవచ్చు, ఎవరూ ఎవరి తడబాటును చూసి నవ్వకూడదు, ఎవరూ అనుమతి లేకుండా ఫోన్‌లో చిత్రీకరించకూడదు.

నాలుగో అడుగు: ‘అపస్వరం’ దగ్గర ఆగడం

మూడో వారంలో వినడానికి ఒక తరగతి మొత్తం కేటాయించండి. కొత్త సంగీతం విన్నప్పుడు పిల్లలు వేసే మొదటి ముద్ర ‘బోరు’, లేదా ‘శ్రుతి తప్పింది’. ఈ రెండో మాట మనకు వరం లాంటిది. అరబ్ సంగీతంలో రాస్త్ అనే మఖామ్ (మన రాగం వంటిది)లోని మూడో స్వరం పాశ్చాత్య సంగీతపు మేజర్ స్వరానికీ మైనర్ స్వరానికీ నడుమ ఎక్కడో నిలుస్తుంది. పియానోకు అలవాటైన చెవికి అది తప్పులా తోస్తుంది. ఇండోనేసియాలోని బాలి ద్వీపపు గామెలాన్ అనే లోహవాద్య బృందంలో జంట వాద్యాలను కావాలనే ఒకదానికొకటి కొద్ది తేడాతో శ్రుతి చేస్తారు, ఆ తేడా వల్లే నాదం అలలు అలలుగా మెరుస్తుంది. రెండు వాద్యాలూ సరిగ్గా ఒకే శ్రుతిలో ఉంటే అక్కడి వారికి ఆ నాదం జీవం లేనిదిగా వినిపిస్తుంది.

కాబట్టి రికార్డింగ్ వినిపించాక నచ్చిందా లేదా అని అడగకుండా, ఏ క్షణంలో నీ చెవికి ఇబ్బంది కలిగింది, అప్పుడు నువ్వు ఏం వినబోతున్నానని ఎదురుచూశావు అని అడగండి. తన చెవికీ ఒక అలవాటు ఉందని, ఆ అలవాటు లోకానికంతటికీ కొలబద్ద కాదని పిల్లలు తమంతట తాము గుర్తిస్తారు. అవగాహన అనే మాటకు నేను ఇచ్చే అర్థం ప్రధానంగా ఇదే. ఆ తరువాత అదే భాగాన్ని గొంతుతో పాడి చూడమనండి. ఆ నడిమి స్వరం పట్టుకోవడం ఎంత కష్టమో తెలిశాక ‘శ్రుతి తప్పింది’ అన్న మాట మళ్లీ వినపడదు.

ఐదో అడుగు: నేర్పడం, నేర్చుకోవడం

నాలుగో వారం నుంచి తొమ్మిదో వారం వరకు సాగే ఈ దశే కార్యక్రమానికి గుండెకాయ. పిల్లల్ని వేర్వేరు నేపథ్యాల జంటలుగా కూర్చి, మొదట ఒకరు నేర్పి మరొకరు నేర్చుకునేలా, మరుసటి వారం పాత్రలు మారేలా చూడాలి. నేర్పేవారికి చెప్పవలసింది ఒకటే: చిన్న ముక్కలుగా విడదీసి, నోటితో వివరించడం తగ్గించి, పక్కనే నిలబడి చేయించాలి. నేర్చుకునేవారు కనీసం ఒక ప్రశ్న అడిగి తీరాలి.

ఒక తరగతి ఎలా నడవవచ్చో ఏడు మాత్రల లయతో చూద్దాం. కర్ణాటక సంగీతం తెలిసిన అమ్మాయి మిశ్రచాపు తాళాన్ని ‘తకిట తకధిమి’ అని పలుకుతూ ఒకటి, నాలుగు, ఆరు మాత్రల మీద చరుస్తుంది. అంటే మూడు, రెండు, రెండు. గ్రీకు కుటుంబం నుంచి వచ్చిన అబ్బాయి చిన్నప్పటి నుంచి పెళ్లిళ్లలో ఆడిన కలమతియానోస్ కూడా సరిగ్గా మూడు, రెండు, రెండు విభజనతోనే నడుస్తుంది: ఒక నిదానమైన అడుగు, రెండు చురుకైన అడుగులు, నాలుగు ఆవృత్తాలకు పన్నెండు అడుగులు. మొదట ఆ అమ్మాయి జతి పలుకుతుండగా అబ్బాయి తన అడుగులు వేయాలి. రెండు మూడు ఆవృత్తాల్లోనే అడుగులు జతి మీద కూర్చుంటాయి, ఇద్దరూ ఒకరినొకరు ఆశ్చర్యంగా చూసుకుంటారు. ఇక్కడితో ఆపితే ‘మనమంతా ఒకటే’ అన్న తీపి మాట మిగులుతుంది, ఆపకండి. ఇప్పుడు బల్గేరియా రాచెనిత్సాను తీసుకురండి. అందులోనూ మాత్రలు ఏడే గానీ విభజన రెండు, రెండు, మూడు. నిదానమైన అడుగు చివరికి పోయింది. ఇంతవరకు తప్పులేకుండా నడిచిన ఆ ఇద్దరి కాళ్లూ ఒక్కసారిగా తడబడతాయి. జతి తెలిసిన అమ్మాయి చేయి అలవాటు కొద్దీ నాలుగో మాత్ర మీద పడుతుంది, అబ్బాయి మొదటి అడుగును సాగదీసి వెనకబడతాడు. ఇద్దరికీ ఏ ఆధిక్యమూ లేని ఈ చోట, ‘తక తక తకిట’ అని ఒకరు పలికి మరొకరు అడుగు వేస్తూ, ఒకరి తప్పును మరొకరు సరిదిద్దుకుంటూ పది నిమిషాలు పనిచేస్తారు. పోలికను చూపించి సంతోషపెట్టడం సులువే; తేడా దగ్గర ఇద్దరినీ కలిపి కష్టపెట్టడమే నిర్వాహకుడి నైపుణ్యం.

రెండో వ్యాయామం దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల నుంచి. టిటికాకా సరస్సు పరిసరాల ఐమారా, కెచువా ప్రజలు వాయించే సీకు అనే గొట్టాల పిల్లనగ్రోవిలో స్వరాలను ఇరా, అర్కా అనే రెండు భాగాలుగా పంచుతారు. ఒకరి దగ్గర ఒక స్వరం ఉంటే తరువాతి స్వరం రెండోవారి దగ్గర ఉంటుంది, కాబట్టి ఎంత గొప్ప వాద్యకారుడైనా ఒక్కడే రాగాన్ని పూర్తి చేయలేడు. బాలి గామెలాన్‌లోని కొతెకాన్‌లో కూడా పోలోస్, సాంగ్సి అనే రెండు వరసలు ఒకదాని సందుల్లో ఒకటి ఇమిడి ఒకే వేగవంతమైన రాగంగా వినిపిస్తాయి. తరగతిలో ఇందుకు ఖాళీ గాజు సీసాలు చాలు. వాటిలో వేర్వేరు మట్టాలకు నీళ్లు నింపి మూతి మీదుగా ఊదితే, నీళ్లు ఎక్కువున్న సీసా హెచ్చు స్థాయిలో పలుకుతుంది. ఐదు స్వరాల చిన్న రాగాన్ని తీసుకుని ఒకటి, మూడు, ఐదు ఒకరికి, రెండు, నాలుగు మరొకరికి ఇచ్చి వాయించమనండి. మొదట్లో ఇద్దరూ తమ సీసాలకేసి చూస్తుంటారు, రాగం కుంటుతుంది. ఎదుటివారి ఊపిరిని చూడటం మొదలుపెట్టిన క్షణం నుంచి అది సాగుతుంది. బాగా వాయించేవారిని రానివారితో జతచేయడానికి కూడా ఇది మంచి ఉపాయం, ఎందుకంటే వేగంగా ఊదినంత మాత్రాన ప్రయోజనం ఉండదు.

ఆరో అడుగు: చరిత్ర చెప్పడం

నేపథ్యాన్ని నృత్యానికి ముందు ఉపన్యాసంగా చెప్పకండి. శరీరానికి అలసట తెలిశాక, నీళ్లు తాగుతూ కూర్చున్నప్పుడు చెప్పండి. గమ్‌బూట్ దరువు చేశాక, వేర్వేరు భాషల కార్మికులు గనుల్లో ఏ పరిస్థితుల మధ్య దీన్ని తయారుచేసుకున్నారో వింటే అది మనసులో నిలుస్తుంది. పోరాటం, నృత్యం, సంగీతం కలిసిన కాపోయెరా అనే ఆట బ్రెజిల్‌లో ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన వారి మధ్య రూపుదిద్దుకుంది. బానిసత్వం 1888లో రద్దయ్యాక, 1890 నాటి శిక్షాస్మృతి దాన్ని నేరంగా ప్రకటించింది. అదే కళకు చెందిన వలయాన్ని 2014లో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. ప్రభుత్వం ఒక ఆటను చూసి ఎందుకు భయపడింది, తరువాత ఏం మారింది అని అడిగితే పిల్లల మధ్య జరిగే చర్చ ఏ పాఠ్యపుస్తకమూ ఇవ్వలేనంత బాగుంటుంది.

చర్చకు ఇరవై నిమిషాలు మించకూడదు. మాటకారితనం ఉన్నవారే మాట్లాడకుండా, ముందు జంటల్లో, ఆ తరువాతే వలయంలో మాట్లాడించండి. బోధనా భాష సరిగా రానివారు తమ భాషలోనే చెబితే ఎవరో ఒకరు అనువదిస్తారు. ఆ ఆలస్యాన్ని భరించడం కూడా బృందానికి అభ్యాసమే.

ఏడో అడుగు: గొడవలు వస్తాయి, సిద్ధంగా ఉండండి

వెక్కిరింపును అక్కడికక్కడే, గొంతు పెంచకుండా ఆపాలి. వెక్కిరించినవాడిని బయటికి పంపే బదులు తరువాతి తరగతిలో అదే అంశాన్ని నేర్చుకునే మొదటి వ్యక్తిని చేయడం ఎక్కువ ఫలితమిస్తుంది.

అంతకన్నా చిక్కైనది ‘ఇది మాది’ అన్న తగువు. కొచారి అనే బృందనృత్యాన్ని ఆర్మేనియా పేరిట 2017లో యునెస్కో జాబితాలో చేర్చారు. నఖ్‌చివాన్ ప్రాంతపు యల్లి నృత్యాలను, వాటిలో కొచారి పేరుతోనే ఉన్న రూపాన్ని కలుపుకుని, అజర్‌బైజాన్ పేరిట 2018లో చేర్చారు. ఈ రెండు దేశాల మధ్య యుద్ధాలు జరిగాయి. దబ్కే 2023లో పాలస్తీనా పేరిట నమోదైంది గానీ, లెబనాన్, సిరియా, జోర్డాన్‌లలో కూడా పెళ్లి అంటే దబ్కే ఉండాల్సిందే. బృందంలో ఇటువంటి తగువు లేస్తే తీర్పు చెప్పే పెద్దమనిషి పాత్రలోకి వెళ్లకండి. ‘నీకు ఇది ఎవరు నేర్పారు, ఎక్కడ, ఏ సందర్భంలో’ అని ఇద్దరినీ అడగండి. దేశాల గురించిన వాదన మనుషుల గురించిన కథనంగా మారినప్పుడు వినడం సాధ్యమవుతుంది. ఒక్కోసారి మారదు కూడా. ఇంట్లో ఎవరినో యుద్ధంలో పోగొట్టుకున్న పిల్లవాడు వలయంలో నిలబడలేనంటే ఆ రోజు నిలబడనవసరం లేదు. ఇది సంగీత కార్యక్రమం. మానసిక చికిత్స ఇవ్వబోవద్దు, అవసరమైతే ఎవరి దగ్గరికి పంపాలో మాత్రం ముందే తెలుసుకుని ఉంచండి.

1999లో జర్మనీలోని వైమార్‌లో సంగీత నిర్దేశకుడు డేనియల్ బారెన్‌బోయిమ్, పాలస్తీనా మూలాల రచయిత ఎడ్వర్డ్ సయీద్ కలిసి ఇజ్రాయెలీ, అరబ్ యువ సంగీతకారులతో వెస్ట్-ఈస్టర్న్ దీవాన్ ఆర్కెస్ట్రాను ప్రారంభించినప్పటి నుంచి, అది శాంతిని తెస్తుందన్న ఆశను బారెన్‌బోయిమ్ పదేపదే సవరిస్తూ వచ్చాడు. ఎదుటివారి గురించిన అజ్ఞానాన్ని తగ్గించడం తమ పని అని, అంగీకారం కుదరకపోయినా వినడం నేర్చుకోవాలని ఆయన వైఖరి. నిధులిచ్చేవారికి పంపే దరఖాస్తుల్లో ఈ మేరకు వినయం పాటిస్తే మనకే మంచిది.

ఎనిమిదో అడుగు: ఎవరిదీ కానిదాన్ని తయారుచేయడం

పదో వారం నుంచి నలుగురేసి జట్లుగా కొత్త అంశాన్ని రూపొందించాలి. నేర్చుకున్న మూడింటిలో కనీసం రెండింటి నుంచి ఏదో ఒక లక్షణం తీసుకోవాలి, నాలుగు నిమిషాలు మించకూడదు అన్న రెండు షరతులు చాలు. సంప్రదాయాలను కలగాపులగం చేస్తున్నారని పెద్దలు బాధపడితే, మూలరూపాన్ని మొదట సరిగ్గా నేర్చుకున్నాకే ఈ దశకు వచ్చామని వివరించవచ్చు. సంప్రదాయ అంశాల చుట్టూ పాత గాయాలు మరీ ఎక్కువగా ఉన్న చోట ఇరుపక్షాలకూ తటస్థమైన శైలిని ఎంచుకోవడమే ఉత్తమం. కొసావోలో ఇబార్ నది సెర్బులనూ అల్బేనియన్లనూ వేరుచేసే మిత్రోవిత్సా నగరంలో 2008లో మొదలైన రాక్ పాఠశాల ఆ పనే చేసింది. రెండు వర్గాల యువత కలిసి మిశ్రమ బ్యాండ్లుగా ఏర్పడి సొంత పాటలు రాసుకుంటారు. 1970ల్లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో పుట్టిన హిప్‌హాప్ కూడా ఇందుకు బాగా ఒదుగుతుంది, ముఖ్యంగా వలయం మధ్యలోకి ఒక్కొక్కరు వచ్చి తమ మాట చెప్పి వెళ్లే సైఫర్ పద్ధతి.

తొమ్మిదో అడుగు: ప్రదర్శన ఉండాలా

ఉండాలో వద్దో బృందమే నిర్ణయించాలి. ఉంటే, వేదిక మీద చూపించే దానికన్నా వచ్చినవారిని వలయంలోకి పిలిచి ఒక అంశం నేర్పడం ఈ కార్యక్రమ స్వభావానికి దగ్గరగా ఉంటుంది. నేర్పే పిల్లలు తమ సొంత సంప్రదాయాన్ని కాక తాము కొత్తగా నేర్చుకున్నదాన్ని నేర్పాలి. ఆ సంప్రదాయానికి చెందిన మిత్రుడు పక్కన నిలబడి సరిచూస్తాడు. జాతీయ దుస్తులు అక్కర్లేదు. ప్రకటించేటప్పుడు ప్రతి అంశం ఎక్కడిదో, ఎవరు నేర్పారో చెప్పడం మరవకండి.

పదో అడుగు: ఫలితాన్ని చూడటం, పని అప్పగించడం

‘కార్యక్రమం నచ్చిందా’ అనే ప్రశ్నాపత్రం వల్ల తెలిసేది దాదాపు శూన్యం. పిల్లలు మర్యాదకు అవునని రాస్తారు. 1930ల్లో జేకబ్ మొరెనో అభివృద్ధి చేసిన సోషియోమెట్రీ (బృందంలో ఎవరు ఎవరిని ఎంచుకుంటారో కొలిచే) పద్ధతిని సరళం చేసుకుని, తరువాతి ప్రాజెక్టులో ఎవరెవరితో పనిచేయాలనుకుంటున్నావో ముగ్గురి పేర్లు రాయమని మొదటి వారంలో, చివరి వారంలో, మరో మూడు నెలల తరువాత అడగండి. ఆ చీటీలు నిర్వాహకులు తప్ప ఎవరూ చూడకూడదు. పేర్ల మధ్య గీతలు గీసి చూస్తే వర్గాల సరిహద్దు దాటే గీతలు పెరిగాయో లేదో తెలుస్తుంది. దానితో పాటు, నేర్చుకున్న ఒక నృత్యం గురించి పది వాక్యాలు రాయించి, ‘వాళ్లు ఎప్పుడూ ఇలాగే’ వంటి వాక్యాలు తగ్గి, మనుషుల పేర్లతో, ప్రశ్నలతో కూడిన వాక్యాలు పెరిగాయా అని చూడండి. గీతలు పెరగకపోతే ఆ విషయాన్ని నివేదికలో ఉన్నదున్నట్టు రాయాలి. చాలాసార్లు కారణం జంటలను తగినన్నిసార్లు మార్చకపోవడంలో గానీ, తరగతి బయట కలిసే అవకాశం లేకపోవడంలో గానీ దొరుకుతుంది.

పన్నెండో వారం తరువాత గదిని ఆ సమయానికి మరో రెండు నెలలైనా బృందానికే ఉంచమని సంస్థను అడగండి. నిర్వాహకులు నెలకొకసారి మాత్రమే వెళ్లి, మిగతా వారాలు బృందంలోని ఇద్దరు వంతులవారీగా నడపవచ్చు. ఆ ఇద్దరూ ప్రతిసారీ వేర్వేరు నేపథ్యాల నుంచి రావాలన్న నియమం ఒక్కటి మాత్రం వదలకండి. రెండో విడత కార్యక్రమానికి కొత్తవారు చేరినప్పుడు మొదటి వారపు పేర్ల వ్యాయామాన్ని ఈ పాతవారి చేత చేయించండి.